శిలాఫలకానికి నడక దూరంలో త్రీ బీహెచ్‌కే

హైదరాబాద్‌కు రెండు మెట్రోలు. ఒకటి నడుస్తుంది, రెండోది అమ్ముడుపోతుంది.

నడిచేది 69 కిలోమీటర్లు. మియాపూర్–ఎల్‌బీ నగర్, జేబీఎస్–ఎంజీబీఎస్, నాగోల్–రాయదుర్గం. పొద్దున తొమ్మిదింటికి అమీర్‌పేటలో రైలు మారుతుంటే వెనకవాడి ల్యాప్‌టాప్ బ్యాగు వీపులో పొడుస్తుంది. అదీ నిజమైన మెట్రో అంటే. రెండోదాంట్లో ఈ బాధ లేదు. రెండో దశ మొదటి భాగం 76.4 కిలోమీటర్లు, రెండో భాగం 86.1. రాష్ట్ర ప్రభుత్వం 2024, 2025ల్లో ఆమోదించిన లెక్కలివి. వెరసి 162.5 కిలోమీటర్లు, నడిచే మెట్రోకు రెట్టింపు దాటిన పొడవు. పటాన్‌చెరు, హయత్‌నగర్, మేడ్చల్, శామీర్‌పేట, ఫ్యూచర్ సిటీ, ఎక్కడికైనా పోతుంది. ఎక్కడా ఆలస్యం కాదు, ఎందుకంటే బయల్దేరదు. టికెట్ మాత్రం ఉంది. దాన్ని స్టేషన్‌లో ఇవ్వరు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇస్తారు.

రైలు వస్తే చుట్టుపక్కల ఇళ్ల ధరలు పెరుగుతాయని అర్థశాస్త్రం పుస్తకాలు చెబుతాయి. పాపం, అవి రాసినవాళ్లెవరూ మన దగ్గర ప్లాటు కొన్నట్టు లేరు. ఇక్కడ ధర పెరగడానికి రైలు రానక్కర్లేదు, వస్తుందని ఒకరు అంటే చాలు. మంత్రిగారు ఎవరి గృహప్రవేశానికో వచ్చి, మైకు చేతికందింది కదా అని "ఈ ప్రాంతానికి మెట్రో తెస్తాం" అంటారు. గజం రేటు ఒక మెట్టెక్కుతుంది. పై నెలలో ముగ్గురు కుర్రాళ్లు ట్రైపాడ్ పట్టుకుని రోడ్డు పక్కన నిలబడతారు. వాళ్లు మంచినీళ్ల పైపులైను కొలవడానికొచ్చారా, మెట్రో కోసం వచ్చారా అని అడిగే నాథుడు ఉండడు. ఇంకో మెట్టు. డీపీఆర్ తయారవుతోందని పేపర్లో రెండు కాలమ్‌ల వార్త. మరో మెట్టు. శంకుస్థాపన అయిందంటే ఇక ఓనరు ఫోనెత్తడు. చివరికి నిజంగా పని మొదలై, రోడ్డు మధ్యన బారికేడ్లు పెట్టి, గోతులు తవ్వి, దుమ్ము లేచినప్పుడు మాత్రం కొనడానికొచ్చినవాడు ముక్కుకు రుమాలు కట్టుకుని వెనక్కి తిరుగుతాడు. మన మార్కెట్‌కు ప్రకటనలంటే ప్రాణం, పనులంటేనే గిట్టదు.

ఈ వ్యాపారం పద్ధతి తెలియాలంటే ఆదివారం సైట్ విజిట్‌కు వెళ్లాలి. ఏసీ బస్సు, దారిలో వాటర్ బాటిల్, తిరుగు ప్రయాణంలో బిర్యానీ ప్యాకెట్. ఓఆర్‌ఆర్ ఎగ్జిట్ దిగి సర్వీసు రోడ్డు మీద అరగంట ఊగాక, నాలుగు ఆర్చీలు, పది జెండాలు, ఒక షామియానా కనిపిస్తాయి. కూకట్‌పల్లి నుంచి వచ్చిన భార్యాభర్తల్ని టై కట్టుకున్న కుర్రాడు నక్షా ముందు నిలబెడతాడు.

"అదిగో మేడం, ఆ వేపచెట్టు కనిపిస్తోందా? అక్కడే స్టేషన్."

"ఎవరు చెప్పారు బాబూ?"

"అలైన్‌మెంట్ మేడం. మా ఎండీ గారికి లోపల మనిషి ఉన్నాడు."

"పోయిన నెల మా తమ్ముడు పక్క వెంచర్‌కు వెళ్తే, స్టేషన్ వాళ్ల గేటు ముందే అన్నారటగా?"

"అది ఎంట్రీ మేడం. మనది ఎగ్జిట్."

భర్త కాస్త లెక్కల మనిషి. "మెట్రో ఎప్పటికొస్తుంది?"

"మూడేళ్లు సార్. మీకు పొసెషన్, మెట్రో రెండూ ఒకేసారి."

"పొసెషన్ ఎప్పుడు?"

"మెట్రో రాగానే సార్."

ఈలోగా ఇంకో కుర్రాడు వచ్చి, అందరికీ వినపడేంత గుసగుసగా చెబుతాడు: "అన్నా, సోమవారం నుంచి కొత్త రేటట. ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చింది." భార్య భర్త వంక చూస్తుంది. భర్త గూగుల్ పే తెరుస్తాడు. ఆలూ లేదు, చూలూ లేదు, సోమలింగం పేరున టోకెన్ అడ్వాన్స్ మాత్రం కట్టేశారు.

వాళ్ల చేతిలో పెట్టిన బ్రోషర్‌ను కాస్త దగ్గరగా చూడండి. అందులో నక్షా ఉంటుంది. వెంచర్ అరచేయంత, హైదరాబాద్ బొటనవేలంత. దారులన్నీ గీత గీసినట్టు తిన్నగా ఉంటాయి. ఎయిర్‌పోర్టు 20 నిమిషాలు, హైటెక్ సిటీ 25 నిమిషాలు. ఆ నిమిషాలు అర్ధరాత్రి రెండున్నరకు, అంబులెన్సు సైరన్ వేసుకుని లెక్కపెట్టినవి. ఎంఎంటీఎస్ స్టేషన్ బొమ్మ ఉంటుంది, టైంటేబుల్ ఉండదు. అట్టడుగున చీమకు కూడా కళ్లజోడు కావలసిన అక్షరాల్లో ఒక్క వాక్యం ఉంటుంది: బొమ్మలన్నీ ఊహాచిత్రాలు మాత్రమే. పుస్తకం మొత్తంలో నిజం ఆ ఒక్క వాక్యమే.

ఆ ఊహాచిత్రం ఎంత ఖరీదైనదో నార్సింగి, బుద్వేల్ వైపు అడగండి. 2022 డిసెంబరు 9న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఎయిర్‌పోర్టు మెట్రోకు శంకుస్థాపన చేశారు. రాయదుర్గం నుంచి శంషాబాద్ దాకా 31 కిలోమీటర్లు, 6,250 కోట్ల రూపాయలు, మూడేళ్ల గడువు. ఆ రాత్రి బ్రోషర్లు అచ్చువేసే ప్రెస్సులకు నిద్ర లేదు. దాదాపు ఏడాదికి ప్రభుత్వం మారింది. కొత్త ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి వచ్చీ రాగానే ఆ మార్గాన్ని ఆపేశారు. ఇప్పుడు ఎయిర్‌పోర్టు మెట్రో నాగోల్, ఎల్‌బీ నగర్, చాంద్రాయణగుట్టల మీదుగా 36.8 కిలోమీటర్లు వెళ్తుందట. ఐటీ కారిడార్‌కు కార్లున్నాయి, రైలు అవసరమైనవాళ్లు ఇటువైపు ఉన్నారన్న వాదనలో న్యాయం లేకపోలేదు. కానీ ఒక్క సమీక్షా సమావేశంలో రైలు పడమర నుంచి తూర్పుకు దూకేసింది. అది కాగితం మీద రైలు, దూకగలదు. ఫ్లాటుకు పునాదులున్నాయి, అది దూకలేదు. ఓడిన పార్టీకి ప్రతిపక్షంలో కుర్చీలు దొరికాయి, గెలిచిన పార్టీకి కొత్త అలైన్‌మెంట్ దొరికింది, కొన్నవాడికి ఈఎంఐ మిగిలింది. బ్రోషర్లో మెట్రో బొమ్మ మీద ఫ్లైఓవర్ బొమ్మ అంటించారు. రేటు మీద మాత్రం ఏమీ అంటించలేదు.

ఇదేదో ఈ పార్టీకో ఆ పార్టీకో పుట్టిన జబ్బు అనుకుంటే పొరపాటు. హైదరాబాద్ మెట్రో పుట్టుకలోనే ఈ జాతకం ఉంది. 2008లో టెండర్లు పిలిస్తే, మెట్రో కట్టడానికి ప్రభుత్వమే ఎదురు డబ్బివ్వాలని మిగతావాళ్లు అడిగారు. మేటాస్ నాయకత్వంలోని కన్సార్షియం మాత్రం తామే ప్రభుత్వానికి 30,311 కోట్లు చెల్లిస్తామంది. మెట్రో కట్టి, నడిపి, పైగా ఎదురు కట్నం! ప్రభుత్వం మురిసిపోయింది. మురవనివాడు ఒకడున్నాడు. ఢిల్లీ మెట్రో కట్టిన శ్రీధరన్. ఇది రైలు వ్యాపారంలా లేదు, సొంత భూముల దాకా మెట్రోను లాక్కెళ్లి నాలుగైదు రెట్లు లాభం చేసుకునే ఎత్తులా ఉంది అన్న అర్థంలో ఆయన ప్రణాళికా సంఘానికి ఉత్తరం రాశారు. ప్రభుత్వం నాలిక కరుచుకోలేదు సరికదా, ఆయన్నే క్షమాపణ చెప్పమంది. 2009 జనవరిలో మేటాస్ యజమానుల కుటుంబానిదే అయిన సత్యం కంపెనీ దొంగలెక్కలు బయటపడ్డాయి, జులైలో మెట్రో కాంట్రాక్టు రద్దయింది. పట్టాల మీద రైలు రావడానికి తొమ్మిదేళ్ల ముందే పట్టాల వెనక స్థలం కనిపించిన పెద్దమనిషికి మనం ఇచ్చిన బిరుదు ముద్దాయి.

తర్వాత 2010లో ఎల్ అండ్ టీతో ఒప్పందం కుదిరింది. ఈసారి స్టేషన్ల దగ్గర, డిపోల దగ్గర 269 ఎకరాలు వ్యాపారానికిచ్చారు. 2017 నవంబరులో రైలు నిజంగానే కదిలింది, దానికి దండం పెట్టాలి. 2025 సెప్టెంబరు వచ్చేసరికి ఆ సంస్థ అప్పులు మోయలేక తప్పుకుంటానంది, ప్రభుత్వం తీసుకోవడానికి ఒప్పుకుంది. ఇక్కడొక్క నిమిషం ఆగండి. రైలు తనదే, స్టేషన్ తన కాళ్ల కిందే, 269 ఎకరాలు చేతిలోనే. అంత పెద్ద కంపెనీకే గిట్టుబాటు కాని మెట్రో, స్టేషన్‌కు నాలుగు కిలోమీటర్ల అవతల 150 గజాలు కొన్న గుమస్తాకు మూడేళ్లలో రెట్టింపు చేసి పెడుతుందట! చెప్పేవాడికి సిగ్గు లేకపోయినా, వినేవాడి దగ్గర క్యాలిక్యులేటర్ ఉండాలి కదా.

సరే, క్యాలిక్యులేటర్ తీద్దాం. 1,500 చదరపు అడుగుల ఫ్లాటు. "మెట్రో వస్తోంది" అన్న మాటకు చదరపు అడుగుకు 500 రూపాయలు అదనంగా వేశాడనుకుందాం. మొత్తం ఏడున్నర లక్షలు. బ్యాంకు అప్పు, ఎనిమిదిన్నర శాతం వడ్డీ, 20 ఏళ్లు. నెలకు దాదాపు 6,500 రూపాయలు. నడిచే మెట్రోలో 2025 మేలో సవరించిన గరిష్ఠ చార్జీ, తగ్గింపు పోను, 69 రూపాయలు. ఈ కొస నుంచి ఆ కొసకు రోజూ వెళ్లొస్తూ, నెలకు పాతిక రోజులు తిరిగినా 3,450 దాటదు. అంటే ఎక్కిన రైలుకన్నా ఎక్కని రైలుకు చార్జీ దాదాపు రెట్టింపు! పైగా ఆ అదనం మీద తెలంగాణలో ఏడున్నర శాతం రిజిస్ట్రేషన్ ఖర్చు, కడుతున్న ఫ్లాటయితే ఐదు శాతం జీఎస్టీ. 20 ఏళ్లు గడిచేసరికి రాని రైలుకు పాసు ఖరీదు పదిహేను లక్షల పైచిలుకు. ఆ రైలు ఒకవేళ వచ్చిందే అనుకోండి, ఎక్కేటప్పుడు మళ్లీ టికెట్ కొనాలి. స్టేషన్ దాకా బండి మీద వెళ్తే దానికి పార్కింగ్ ఫీజు. 2024లో నాగోల్ దగ్గర ఉచిత పార్కింగ్ ఎత్తేస్తామంటే ప్రయాణికులు రోడ్డెక్కింది అందుకే.

ఇంతకీ ఈ ఆటలో పెద్ద బ్రోకరు ఎవరు? టై కట్టుకున్న కుర్రాడా? పాపం, వాడు కమీషన్ మీద బతుకుతున్నవాడు. అసలు పెద్దమనిషి సర్కారువారు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్‌లో ఎకరం 100.75 కోట్లకు వేలం పాడించి, అబ్బో రికార్డు అని చప్పట్లు కొట్టుకున్నారు. 2025 అక్టోబరులో రాయదుర్గంలో ఎకరం 177 కోట్లు. రెండో దశ మెట్రోలో ఒక లైను పేరు వింటారా? రాయదుర్గం–కోకాపేట నియోపోలిస్, 11.6 కిలోమీటర్లు. గీత గీసేది వాళ్లే, గీత పక్కన స్థలం వేలం వేసేది వాళ్లే, ఆ వేలం ధర చూపించి చుట్టుపక్కల అందరూ రేటు పెంచితే రిజిస్ట్రేషన్ ఫీజు వసూలు చేసేదీ వాళ్లే. మధ్యతరగతికి ఇల్లు అందకుండా పోతోందని బడ్జెట్ ప్రసంగంలో కన్నీళ్లు పెట్టేది ఎవరనుకున్నారు?

అదే గజానికి ఇంకో ధర ఉంది. అది ప్రభుత్వం తీసుకునేటప్పటి ధర. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారాన్ని చుట్టుపక్కల రిజిస్టరైన ధరలను బట్టి లెక్కకడతారు. అమ్మేటప్పుడు తెలుపు కొంచెం, నలుపు చాలా అని మనమే కాగితం మీద ధర కుదించి రాసుకున్నాం కదా, రోడ్డొచ్చి భూమి అడిగినప్పుడు ఆ కాగితమే సాక్ష్యం చెబుతుంది. రీజినల్ రింగ్ రోడ్డు బ్రోషర్లలో బంగారు వడ్డాణంలా మెరుస్తుంది. ఆ రోడ్డు కింద పొలం పోతోందని గొడవ చేసిన భువనగిరి దగ్గరి రాయగిరి రైతులను 2023లో చేతులకు బేడీలు వేసి కోర్టుకు తెచ్చారు. రోడ్డు పక్క ఎకరం ఉన్నవాడు కోటీశ్వరుడు, రోడ్డు కింద ఎకరం ఉన్నవాడు ముద్దాయి. తేడా అంతా అలైన్‌మెంట్ గీసినవాడి పెన్సిలు ఎటు వంగిందన్నదే. ఆ పెన్సిలు ఎందుకు వంగిందని అడిగినవాడికి సాంకేతిక కారణాలు అని జవాబొస్తుంది. వంకర పోయిన ప్రతిచోటా ఎవరిదో ఫామ్‌హౌస్ ఉండటం కూడా సాంకేతిక కారణమే కాబోలు.

పాతబస్తీ సంగతి మరీ విచిత్రం. ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా ఐదున్నర కిలోమీటర్లు తొలి దశలోనే ఉండాల్సింది. మిగతా రెండో కారిడార్ 2020 ఫిబ్రవరిలో నడిచింది, ఈ ముక్క మిగిలిపోయింది. 2024 మార్చిలో దీనికి శంకుస్థాపన జరిగింది. రోడ్డు వెడల్పులో ఇల్లు, దుకాణం పోయేవాళ్లకు గజానికి 81,000 రూపాయలు కట్టారు. తరాలుగా అదే గల్లీలో గిరాకీ పెంచుకున్నవాడు ఆ డబ్బుతో అదే రోడ్డు మీద అంత దుకాణం మళ్లీ కొనుక్కోగలడేమో ఎవరైనా లెక్కవేసి చెప్పండి. ఊరవతల రాని రైలుకు జనం డబ్బు కడుతుంటే, ఊరి మధ్య రాబోయే రైలు జనాన్ని ఖాళీ చేయిస్తోంది.

ఆంధ్రవాళ్లు నవ్వనక్కర్లేదు. విజయవాడ, విశాఖ మెట్రోలు 2014 విభజన చట్టం 13వ షెడ్యూలులోనే ఉన్నాయి, సాధ్యాసాధ్యాలు పరిశీలించాలని. అప్పట్నుంచీ పరిశీలన నిర్విఘ్నంగా సాగుతోంది. డీపీఆర్‌లు పాతబడ్డాయి, లైట్ మెట్రో అన్నారు, 2024 డిసెంబరులో మళ్లీ కొత్త డీపీఆర్‌లు ఆమోదించారు. ఇక భోగాపురం విమానాశ్రయం ఘనత వేరు. 2019 ఫిబ్రవరిలో చంద్రబాబు శంకుస్థాపన చేశారు, 2023 మేలో జగన్ శంకుస్థాపన చేశారు. విమానం ఒక్కటీ దిగకముందే శిలాఫలకాలు రెండు దిగాయి. వెంచర్లవాళ్లకు అదీ మంచిదే, ప్రతి శంకుస్థాపనకూ ఒక కొత్త ఫేజ్.

అన్ని ప్రాజెక్టులూ మోసమేనా అంటే కాదు. ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు పూర్తవడానికి 2018 దాకా పట్టినా, ఊరి రూపురేఖలు మార్చింది. మియాపూర్, ఉప్పల్ మెట్రో వల్ల బాగుపడలేదని ఎవరూ అనరు. ఎంఎంటీఎస్ రెండో దశ 2012–13లో మంజూరై, మేడ్చల్‌కు 2023లో, మౌలాలి–సనత్‌నగర్ లైనుకు 2024లో వచ్చింది. ఆలస్యంగానైనా వచ్చింది. రవాణా వల్ల విలువ పెరగడం నిజం. కాకపోతే ఆ పెరుగుదలను రైలు కన్నా ముందు వచ్చినవాళ్లు తినేసి వెళ్తారు. మ్యాపు ముందే చూసినవాడు మొదటి పంక్తిలో, వాడి బావమరిది రెండో పంక్తిలో, ప్రీ-లాంచ్‌లో కొన్న ఇన్వెస్టర్ మూడో పంక్తిలో. ఇంట్లో ఉండటానికి కొనేవాడికి విస్తరి ఎత్తడమే మిగులుతుంది. అద్దెకుండేవాడి గోడు ఇంకా అన్యాయం. రైలు రాకముందే అద్దె పెరుగుతుంది, వచ్చాక వాడే ఊరవతలికి పోతాడు.

మరి కొనేవాళ్లం మనం తక్కువ తిన్నామా? శంకుస్థాపన ఫొటోను స్టేటస్‌లో పెట్టి "మా ఏరియాకు మెట్రో" అని మురిసింది మనమే. వాయిదా పడితే ప్రభుత్వాన్ని తిట్టి, అమ్మేటప్పుడు మాత్రం "మెట్రో ఓకే అయింది, ఫైలు ఢిల్లీలో ఉంది" అని మనకన్నా అమాయకుడికి అదే కథ చెప్పేదీ మనమే. మనం మోసపోవడంలో బాధ మోసం కాదు, అమ్మడానికి ఇంకొకడు దొరక్కపోవడం.

చట్టం లేకపోలేదు. 2016 రెరా చట్టం 12వ సెక్షన్ ప్రకారం ప్రకటనలోనో బ్రోషర్లోనో అబద్ధం నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవాడికి బిల్డరు పరిహారమివ్వాలి, కొన్నవాడు వద్దనుకుంటే డబ్బు వడ్డీతో వెనక్కివ్వాలి. రిజిస్ట్రేషన్ లేని ప్రాజెక్టుకు అసలు ప్రకటనే ఇవ్వకూడదని మూడో సెక్షన్. అగ్రిమెంట్ రిజిస్టరు చేయకుండా పది శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదని 13వ సెక్షన్. అందుకే తెలివైనవాడు బ్రోషర్లో "మెట్రో ప్రతిపాదిత" అని అచ్చువేసి, "గ్యారంటీ సార్" అన్న మాటను నోటితో చెబుతాడు. నోటిమాటకు సెక్షన్ ఉండదు, సాక్షి ఉండడు.

కాబట్టి ఈసారి వేపచెట్టు చూపించినప్పుడు బేరమాడకండి. పూర్తిగా నమ్మండి. నమ్మి ఇలా అనండి: "బాబూ, ఈ రోజు ఇక్కడ నడుస్తున్న బస్సు, ఉన్న రోడ్డు, వస్తున్న నీళ్లు, వీటి ధర ఎంతో చెప్పు, చెక్కు రాస్తాను. మెట్రో కోసం వేసిన అదనం వేరే కాగితం మీద రాసి అగ్రిమెంట్‌కు జతచెయ్యి. ఆ స్టేషన్‌లో మొదటి రైలు ఆగిన రోజున వడ్డీతో సహా కట్టేస్తాను. రైలు రాదంటావా, సరే, ఆ డబ్బు నాది. వస్తుందంటావా, నీకేం భయం?" ఇదే షరతు వేలంపాట వేసే ప్రభుత్వానికీ పెట్టండి. మెట్రో తెస్తామన్నవాళ్లు, తెచ్చిన రోజునే ఆ పెరిగిన విలువ మీద రిజిస్ట్రేషన్ ఫీజు తీసుకోమనండి.

ఆ కుర్రాడు కాసేపు మీ వంక చూసి, "మా ఎండీ గారితో మాట్లాడి చెప్తా సార్" అంటాడు. ఫోను రాదు. రాకపోతే మీకు అర్థమైనట్టే: మెట్రో మీద మీకున్న నమ్మకంలో పైసా వంతు కూడా అమ్మేవాడికి లేదు. బిర్యానీ ప్యాకెట్ మాత్రం అడిగి తీసుకోండి. ఆ వెంచర్ మొత్తంలో చెప్పిన టైముకు చేతికొచ్చేది అదొక్కటే.